గెలిచినవాడికి డబ్బు ఎవరిస్తారు?

గుర్రప్పందాల మాట వచ్చినప్పుడు, రేసుకోర్సు ముఖం చూడనివాళ్లు కూడా అడిగే ప్రశ్న ఒకటుంది. "పది రూపాయల టికెట్ మీద ఒకడికి పధ్నాలుగు వస్తాయి, ఇంకొకడికి నాలుగొందలు, ఎవడో ఒకడికి లక్షలు. ఇంత డబ్బు ఎవరిస్తారండీ?" గుర్రం యజమాని ఇస్తాడని కొందరనుకుంటారు. రేసు క్లబ్బు ఇస్తుందని చాలామంది నమ్ముతారు. యజమానికి వచ్చే బహుమతి సొమ్ము వేరు. దానికీ పందెం కాసినవాడికీ సంబంధం లేదు. క్లబ్బు తన జేబులోంచి రూపాయి కూడా తీయదు. ఆ డబ్బంతా మిగతా పందెగాళ్లది.

ఈ ఒక్క మాట సరిగ్గా అర్థమైతే విన్, ప్లేస్, క్వినెల్లా, టనాలా, జాక్‌పాట్ అనే పేర్ల అడవిలో దారి దొరుకుతుంది. హైదరాబాద్ మలక్‌పేట రేసుల ఫలితాలు పత్రికల్లో వచ్చినప్పుడు ప్రతి పరుగు కిందా ఒక అంకెల వరస ఉంటుంది. పరిగెత్తిన గుర్రాలు అవే, గీత దాటిన క్రమం అదే. అయినా విన్‌కి పది రూపాయల మీద పధ్నాలుగు, అదే పరుగు మీద టనాలాకి వేలు. ఇంత తేడా ఎందుకు? ఆ వరసను చదవడం నేర్చుకోవడమే ఈ అధ్యాయం పని.

ఉమ్మడి కుప్ప

ఊళ్లో ఇద్దరు మనుషులు కాసుకునే పందెం తేలిక. నువ్వు వంద పెట్టు, నేను వంద పెడతాను, గెలిచినవాడు రెండొందలూ తీసుకుంటాడు. వెయ్యిమంది చేరి పది గుర్రాల మీద తలా ఒక రకంగా కాస్తే ఎవరికెంత ఇవ్వాలి? 1860ల్లో పారిస్‌లో జోసెఫ్ ఒల్లేర్ అనే వ్యాపారి దీనికి దారి చూపించాడు. ఆ తరవాత 1889లో మూలాన్ రూజ్ అనే నాట్యశాలను తెరిచిన ఇద్దరిలో ఒకడు ఈయనే. అందరి డబ్బూ ఒకే కుప్పగా పోయాలి. నిర్వాహకుడు తన వాటా ముందే తీసుకోవాలి. మిగిలింది గెలిచిన గుర్రం మీద కాసినవాళ్లు, కాసిన మొత్తాన్ని బట్టి పంచుకోవాలి. ఫ్రెంచివాళ్లు దీన్ని పారీ-మ్యూచువల్ అన్నారు, అంటే 'పరస్పర పందెం'. మనం ఉమ్మడి కుప్ప అందాం. మన రేసుకోర్సుల్లో దీని పేరు టోట్.

ఒక ఊహాలెక్క చూద్దాం. ఒక పరుగు విన్ కుప్పలో లక్ష రూపాయలు పడ్డాయనుకోండి. అందులో ఇరవై వేలు ముందే తీసేశారు. దీన్ని ముందుకోత అందాం. మిగిలింది ఎనభై వేలు. మూడో నంబరు గుర్రం మీద జనం నలభై వేలు కాశారు. అది గెలిస్తే పది రూపాయల టికెట్‌కి ఇరవై. ఏడో నంబరు మీద కాసింది రెండు వేలే. అది గెలిస్తే పది రూపాయలకు నాలుగొందలు. ఆ నాలుగొందలు గుర్రం బలాన్ని చెప్పే అంకె కాదు. ఎంత తక్కువమంది దాన్ని నమ్మారో చెప్పే అంకె. టోట్ బోర్డు మీద అంకెలు పరుగు మొదలయ్యేదాకా మారుతూనే ఉంటాయి. ఇంకా కాస్తున్నవాళ్లున్నారు కాబట్టి.

ఈ లెక్కను చేత్తో వేయడం నరకం. దానికి యంత్రం తయారు చేసినవాడు ఆస్ట్రేలియా ఇంజనీరు జార్జ్ జూలియస్. ఆయన యంత్రం మొదట ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టడానికి రూపొందింది. ప్రభుత్వం వద్దంది. అదే యంత్రాన్ని పందేలు లెక్కపెట్టేలా మార్చాడు. పియానో తీగలు, సైకిలు గొలుసులతో నడిచే ఆ భారీ యంత్రం 1913లో న్యూజీలాండ్ ఆక్లాండ్ దగ్గర ఎలర్స్‌లీ రేసుకోర్సులో పనిలోకి దిగింది. ఓట్ల యంత్రం పందేల యంత్రం కావడం నాకు ఊరికే జరిగిన సంగతిగా కనిపించదు. ఉమ్మడి కుప్పలో ప్రతి టికెట్టూ ఒక ఓటే. ఏ గుర్రం గెలుస్తుందో గుంపు డబ్బుతో వేసిన ఓటు.

ముందుకోత సంగతి కొంచెం నిదానంగా చూడాలి. మన ఇళ్లలో అందరికీ తెలిసిన చీటీని తీసుకోండి. చీటీ నడిపే ఫోర్‌మన్‌కి కమిషన్ ఉంటుంది. 2019 సవరణతో చట్టం దాని గరిష్ఠ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచింది. 7 శాతానికే మనం నొసలు చిట్లిస్తాం. పైన నేను తీసుకున్న ఇరవై శాతం కోత అరగంటకోసారి పడుతుంది. ఐసుగడ్డను వరసగా నిలబడినవాళ్ల చేతులు మార్చినట్టు: ఎవరూ కొరకరు, చివరికి చేరేసరికి సగం కూడా ఉండదు. రేసులకు వచ్చిన జనమంతా కలిసి వెయ్యి రూపాయలతో మొదలుపెట్టి, వచ్చినదంతా మళ్లీ కాస్తూ పోయారనుకుందాం. మొదటి పరుగు తరవాత 800, ఆపైన 640, 512, 410, 328, 262. ఏడో పరుగు అయ్యేసరికి 210. ఇందులో మోసం లేదు, దురదృష్టం లేదు. గుంపులో ఒకరిద్దరు జేబు నింపుకుని వెళ్లవచ్చు. గుంపు మాత్రం ప్రతిసారీ చిక్కిపోతుంది.

దీనికి పన్ను తోడు. మన దేశంలో గుర్రప్పందాల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. గెలిచిన సొమ్ము మీద 30 శాతం ఆదాయపు పన్ను విడిగా ఉంది. ఓడిన పందేల డబ్బును ఆ గెలుపులోంచి తీసేసి చూపించే వీలు లేదు. పొద్దుట అయిదు పందేలు ఓడి సాయంత్రం ఒకటి గెలిచినవాడికి, ఆ ఒక్కదాని మీదే లెక్క.

ఒకే పరుగు, ఎన్నో ప్రశ్నలు

పందేల రకాలంటే ఒకే పరుగు గురించి అడిగే వేరువేరు ప్రశ్నలు. ప్రశ్న ఎంత విడమరిచి అడిగితే, తప్పు జవాబులు అంత ఎక్కువ. రహస్యమంతా ఇంతే.

పది గుర్రాల పరుగు అనుకుందాం. విన్ అడిగేది: ఎవరు మొదట? పది జవాబుల్లో ఒకటి ఒప్పు. ప్లేస్ కాస్త దయగల ప్రశ్న: నీ గుర్రం ముందు వరసలో ఉంటుందా? ఇన్ని గుర్రాలున్న పరుగులో సాధారణంగా మొదటి ముగ్గురిలో ఉంటే చాలు. గుర్రాలు తక్కువైతే ఇద్దరే. గెలిచే అవకాశం ఎక్కువ, చేతికొచ్చేది తక్కువ, ఎందుకంటే ప్లేస్ కుప్పను మూడు గుర్రాలవాళ్లు పంచుకోవాలి. జనం బాగా నమ్మిన గుర్రం, అంటే ఫేవరెట్, ఆ ముగ్గురిలో ఉంటే పది రూపాయలకు పదకొండు చేతికొచ్చి ఊరుకునే రోజులుంటాయి.

మన రేసుకోర్సుల్లో ఎస్‌హెచ్‌పి, టీహెచ్‌పి అని రెండు కుప్పలున్నాయి. సెకండ్ హార్స్ పూల్, థర్డ్ హార్స్ పూల్. మొదటిది, గుర్రం సరిగ్గా రెండో స్థానంలో రావాలంటుంది. గెలిచినా ఓడినట్టే! కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు. ప్లేస్‌లాగే ఉంటుందనుకుని కాసి, తమ గుర్రం ముందుగా గీత దాటగానే ఎగిరి గంతేసి, టికెట్ కిటికీ దగ్గర ఉత్తచేతులతో నిలబడతారు.

ఇక జంటలు. క్వినెల్లా అంటే మొదటి ఇద్దరినీ చెప్పాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పట్టింపు లేదు. ఫోర్‌కాస్ట్‌లో ఆ పట్టింపు ఉంది. పదిమంది పిల్లల్ని నిలబెట్టి క్లాసు లీడరు, ఉపలీడరును ఎన్నుకోమన్నారనుకోండి. లీడరుకు పది అవకాశాలు; ఆ పదిలో ప్రతి ఒక్కదానికీ ఉపలీడరుగా మిగిలిన తొమ్మిదిమందిలో ఎవరైనా ఉండొచ్చు. పది తొమ్మిదులు తొంభై. అది ఫోర్‌కాస్ట్. పదవులు లేకుండా ఊరికే ఇద్దరు ప్రతినిధుల్ని పంపమంటే రాము-సోము అన్నా, సోము-రాము అన్నా ఒకటే కాబట్టి సగం, నలభై అయిదు. అది క్వినెల్లా.

మొదటి ముగ్గురినీ వచ్చిన వరసలోనే చెప్పమనేది టనాలా. ఇతర దేశాల్లో దీన్నే ట్రైఫెక్టా అంటారు. టనాలా మన దేశపు రేసుల మాట. పది తొమ్మిదులు ఎనిమిదులు, ఏడువందల ఇరవై. ఒక్క గుర్రం పెరిగి పదకొండైతే అది తొమ్మిదివందల తొంభై. విన్‌లో ఒక గుర్రం పెరిగితే ఒక జవాబే పెరుగుతుంది; టనాలాలో రెండువందల డెబ్బై. పత్రికలో టనాలా అంకె అంత పెద్దదిగా కనబడటానికి కారణం ఇదే. 720 పెట్టెల్లో ఒక్క దాంట్లోనే డబ్బుంది. ఆ పెట్టె తెరిచినవాళ్లు చాలా తక్కువ.

అందుకే కొందరు నాలుగు గుర్రాలను ఎంచుకుని వాటి వరసలన్నీ కొంటారు. నాలుగు మూళ్లు రెళ్లు, ఇరవై నాలుగు టికెట్లు. అయిదు గుర్రాలైతే అరవై. "ఎలా వచ్చినా నాదే" అన్న ధైర్యం బాగుంటుంది కానీ ఆ ధైర్యానికి అరవై రెట్లు ఖర్చయింది. ఒకటి గెలిచినప్పుడు మిగతా యాభైతొమ్మిది టికెట్లు కాగితాలే. గెలుపును ఆ ఒక్క టికెట్ ధరతో పోల్చుకునేవాడు తనకు తానే అబద్ధం చెప్పుకుంటున్నాడు.

అన్నిటికన్నా ఆకర్షణ జాక్‌పాట్‌ది. వరసగా అయిదు పరుగుల్లో విజేతలను, అదీ మొదటి పరుగు మొదలుకాకముందే చెప్పాలి. పరుగుకు పది గుర్రాల చొప్పున పదిని అయిదుసార్లు గుణించండి. లక్ష. ఒక్కో పరుగులో మూడేసి గుర్రాలతో ఆడితే 243 టికెట్లు అవుతాయి. అయినా లక్షలో 243. కుప్పలో 70 శాతం అయిదూ చెప్పినవాళ్లకు, 30 శాతం నాలుగు చెప్పినవాళ్లకు పంచుతారు. ఎవరూ చెప్పకపోతే సొమ్ము తరవాతి రేసు రోజుకు పోతుంది.

ఇక్కడ లెక్క తెలిసినవాళ్లకే కనిపించే సంగతి ఒకటుంది. వెయ్యి రూపాయలు విడివిడిగా అయిదు పరుగుల మీద మార్చి మార్చి కాస్తే కోత అయిదుసార్లు పడి గుంపు దగ్గర 328 మిగులుతాయని పైన చూశాం. జాక్‌పాట్‌లో అయిదు పరుగులకూ కలిపి కోత ఒక్కసారే. గుంపుకు 800 తిరిగొస్తాయి. కాబట్టి జాక్‌పాట్ మంచి పందెమా? ఆ 800 అందేది ఎంతమందికి అన్నదే తేడా. ఊరందరికీ కలిపి సగటున కడుపు నిండిందని చెప్పి, ఒక్క ఇంట్లో విందు పెట్టినట్టు.

ఒక దోసె, ఎక్కువైన ముక్కలు

టోట్ కాకుండా పందెం కాసే రెండో చోటు బుకీ. బుకీ దగ్గర కుప్ప లేదు, ధర ఉంది. "రెండుకు ఒకటి" అన్నాడంటే, మీరు ఒక రూపాయి పెడితే గెలిచినప్పుడు రెండు ఇచ్చి మీ రూపాయి కూడా వెనక్కిస్తాడు. కాసిన క్షణంలో ఉన్న ధరే మీది. తరవాత బోర్డు ఎలా మారినా మీకు మారదు. మరి అతని లాభం ఎక్కడుంది?

నాలుగు గుర్రాల పరుగు. మొదటిదానికి సమానం, అంటే రూపాయికి రూపాయి. రెండోదానికి రెండుకు ఒకటి, మూడోదానికి నాలుగుకు ఒకటి, నాలుగోదానికి అయిదుకు ఒకటి. ఈ ధరలు న్యాయమైనవైతే మొదటి గుర్రం రెండు పరుగుల్లో ఒకటి గెలవాలి, రెండోది మూడింటిలో ఒకటి, మూడోది అయిదింటిలో ఒకటి, నాలుగోది ఆరింటిలో ఒకటి. గెలుపును ఒక దోసె అనుకోండి. ఒకడికి సగం, ఇంకొకడికి మూడో వంతు, మరొకడికి అయిదో వంతు, చివరివాడికి ఆరో వంతు అమ్మాడు. కలిపి చూడండి: ఒక దోసె కాదు, ఒకటింబావుకి కొంచెం తక్కువ. సరిగ్గా 1.2 దోసెలు. పెనం మీద ఉన్నది ఒకటే. ఆ లేని దోసె ముక్కకు తీసుకున్న ధరే బుకీ కూలి. దీన్ని పైకోత అందాం. ఇంగ్లీషులో ఓవర్‌రౌండ్ అంటారు. నాలుగు గుర్రాల మీదా ఆయా వంతుల ప్రకారం డబ్బు పడితే ఏది గెలిచినా అతనికి ఒకటే.

గుంపు ఎంత తెలివైనది?

ఇక మిగిలింది తెలివి. "లెక్క సరే, గుర్రాల గురించి తెలిసినవాడు గెలవలేడా?" అని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో ఆడిన రమ్మీ మీద 1968లో సుప్రీంకోర్టు, రమ్మీలో ప్రధానంగా ఉన్నది నైపుణ్యమేనని చెప్పింది. 1996లో మద్రాసు రేసుల కేసులో, డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసుగా పేరుబడ్డదానిలో, గుర్రప్పందాలు కూడా నైపుణ్యపు ఆటేనంది. గుర్రం పుట్టుక, పాత పరుగులు, మోసే బరువు, దూరం, జాకీ, ట్రైనర్, నేల తడి, ఇవన్నీ చదివి అంచనా వేయవచ్చు. కోర్టు చెప్పినది తప్పు కాదు.

అయితే రెండు సంగతులు అడ్డమొస్తాయి. ఒకటి హ్యాండిక్యాప్. బాగా పరిగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు, వెనకపడేదానికి తక్కువ బరువు పెట్టి, అన్నిటినీ ఒకేసారి గీత దాటించాలన్నదే ఆ పద్ధతి ఉద్దేశం. మీరు కష్టపడి కనుక్కున్న తేడాను చెరిపేయడానికే ఒక అధికారి ఉన్నాడన్నమాట. రెండోది ఇంకా ముఖ్యం. మీ పోటీ గుర్రాలతో కాదు, మిగతా పందెగాళ్లతో. ఈ వివరాలన్నీ ఉండే రేసుబుక్కు వాళ్లకు కూడా అందుబాటులో ఉంది.

గుంపును తక్కువ అంచనా వేయకండి. 1907లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఒక పశువుల ప్రదర్శన ముచ్చట ప్రచురించాడు. ఎద్దును కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో చెప్పమని పోటీ పెడితే 787 చీటీలు లెక్కకొచ్చాయి. వాటన్నిటి నడిమి అంకె 1,207 పౌన్లు. అసలు తూకం 1,198. విడిగా చూస్తే ఎందరో తప్పారు. కలిపి చూస్తే నూటికి ఒకటి కూడా తేడా లేదు. టోట్ బోర్డు కూడా ఇలాంటిదే. జనం ఎక్కువ కాసిన గుర్రాలు ఎక్కువ గెలుస్తాయి.

గుంపుకు ఒక బలహీనత మాత్రం ఉంది. 1949లో ఆర్.ఎం. గ్రిఫిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికా రేసులను పరిశీలించి దాన్ని పట్టుకున్నాడు. ఫేవరెట్ల మీద జనం కాయవలసినంత కాయరు. ఊరూపేరూ లేని గుర్రాల మీద కాయవలసినదానికన్నా ఎక్కువ కాస్తారు. నూటికి ఒక్కసారి గెలిచే గుర్రాన్ని అంతకన్నా ఎక్కువసార్లు గెలిచేదానిలా చూస్తారు. 1979లో డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్స్‌కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషి నిర్ణయాల మీద వెలువరించిన సిద్ధాంతం కూడా ఇదే చెప్పింది: చాలా చిన్న అవకాశాన్ని మనసు పెద్దది చేసి తూస్తుంది. దీన్ని ఆశతూకం అంటాను. పది రూపాయలకు వెయ్యి ఇచ్చే టికెట్ కొన్నవాడు గెలుపును కొనడం లేదు, సాయంత్రం దాకా ఆశను కొంటున్నాడు. అందుకని ఆశ ఎక్కువున్న చోట సరుకు ధరా ఎక్కువే ఉంటుంది.

అలాగైతే ఫేవరెట్ల మీదే కాస్తే? నష్టం తగ్గుతుంది, చాలాచోట్ల లాభంగా మారదు, ఎందుకంటే గుంపు పొరపాటు కన్నా కోత పెద్దది. దాన్ని దాటినవాడిగా పేరుపడ్డవాడు బిల్ బెంటర్ అనే అమెరికన్. హాంకాంగ్‌లో కంప్యూటరుతో పందేలు ఆడి, మొదట్లో డబ్బు పోగొట్టుకున్నాడు. 1994లో ఆయన రాసిన వ్యాసం చదివితే కీలకం ఎక్కడుందో తెలుస్తుంది. గుర్రాల గురించి తన కంప్యూటరు అంచనా ఒక్కటే చాలలేదు. టోట్ బోర్డు మీద గుంపు చెప్పే అంచనాను కూడా అందులో కలిపాకే లెక్క నిలబడింది. ఏళ్ల సమాచారం, యంత్రం, పెట్టుబడి ఉన్నవాడు కూడా గుంపును వదిలి ముందుకు పోలేకపోయాడు. చేతిలో ఒక రేసుబుక్కు, పక్కవాడు చెవిలో చెప్పిన 'టిప్పు'తో వెళ్లే మనిషి ఏ మాత్రం నెగ్గుతాడో ఆలోచించండి.

నాలుగు గెలిచి అయిదోది పోతే

జాక్‌పాట్‌లో నాలుగు చెప్పినవాళ్లకు 30 శాతం ఇస్తారని పైన రాశాను. ఆ వాటా మనసుకు చేసే పని డబ్బు కన్నా పెద్దది. కొద్దిలో తప్పిపోవడం మెదడుకు ఓటమిలా అనిపించదు. 2009లో ల్యూక్ క్లార్క్ అనే పరిశోధకుడి బృందం స్లాట్ మెషిన్ లాంటి ఆట ఆడేవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి చూసింది. గెలిచినప్పుడు మేలుకునే మెదడు భాగాల్లో కొన్ని, కొద్దిలో ఓడినప్పుడు కూడా మేలుకున్నాయి. మళ్లీ ఆడాలన్న కోరికా పెరిగింది. యంత్రపు ఆటలో కొద్దిలో తప్పడానికి అర్థమే లేదు, అది కేవలం యాదృచ్ఛికం. అయినా మనసు "దాదాపు పట్టేశాను" అనుకుంటుంది. ఇక ముక్కు తేడాతో పోయిన గుర్రాన్ని కళ్లారా చూసినవాడి సంగతి చెప్పాలా? "ఇంకొక్క అడుగు ఉంటే" అన్న మాట రాత్రంతా నిద్రపోనివ్వదు. మరుసటి రేసు రోజుకు మళ్లీ అక్కడికే నడిపిస్తుంది.

ఇలా ఆగలేకపోవడం చేతకానితనం కాదు. మనోవైద్యులు దీన్ని వ్యసనాల జాబితాలో చేర్చారు: 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ గ్రంథం డీఎస్ఎం-5, జూద వ్యసనాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన పెట్టింది. ఓడిన డబ్బు రాబట్టడానికి మళ్లీ కాయడం, ఇంట్లో దాచిపెట్టడం, అప్పుచేసి కాయడం దాని గుర్తులు.

రేసు చూడటం అందమైన అనుభవం. 1886లో మౌలాలి నుంచి మలక్‌పేటకు తరలివచ్చిన ఆ మైదానంలో, పరుగు చివరి మలుపు తిరుగుతున్న గుర్రాల గిట్టల చప్పుడు నేలలోంచి కాళ్లకు తెలుస్తుంది. దానికి టికెట్ కిటికీతో పని లేదు. సరదాకి కాసేవాళ్లు సినిమా టికెట్‌కి పెట్టినంత, పోయిందనే అనుకుని పెట్టండి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరైనా పోయినదాన్ని రాబట్టుకోవాలని ప్రతి రేసు రోజూ పరిగెడుతుంటే, ఈ లెక్కలు వాళ్లకు చెప్పి ఊరుకోకండి. లెక్కలతో ఆ ఆట ఆగదు. కేంద్ర ప్రభుత్వ టెలీ-మానస్ సహాయ నంబరు 14416. పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.